పీర్ల పండుగకు కొలిచిన ఊపిరి

గద్వాల బస్టాండు ఎదురుగా ఒక మేడ మీద ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున ఆ మెట్లెక్కి, మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని, నా పేరు నేనే కొట్టి వెతుక్కునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, ఒక ఏడాది నా ఆదివారాలు అలాగే గడిచాయి. సెంటరు నడిపే ఆయనకు నా అవస్థ ఏమిటో అంతు పట్టలేదు. మొదట్లో ఏదో పరీక్ష ఫలితం కోసం చూస్తున్నాననుకున్నాడు. నా తలలో తెల్లవెంట్రుకలు చూసి ఆ అనుమానం మానుకున్నాడేమో, తర్వాత పెళ్లి సంబంధాల కోసమని తేల్చుకున్నాడు. నేను లేచి వెళ్లేటప్పుడు "ఇంకా రాలేదా మేడం? వస్తది తియ్యండి, జర ఓపిక పట్టండి" అని ఓదార్చేవాడు. ఆ ఊళ్లో వారం మొత్తం మీద నన్ను ఓదార్చే మనిషి ఆయనొక్కడే కాబట్టి, నేనూ ఆయన అపోహను అలాగే ఉండనిచ్చాను.

నేను ఎదురుచూసింది పెళ్లికొడుకు కోసం కాదు, ఒక్క వాక్యం కోసం. అంతకు ముందు ఏడాది ఒక వైద్య పరిశోధన పత్రికలో నా వ్యాసం అచ్చయింది. మా వాళ్లు దాన్ని పేపరు అంటారు. అచ్చవడంతో పని అయిపోదు. ప్రపంచంలో ఎక్కడో ఎవరో దాన్ని చదవాలి. చదివి ఊరుకుంటే చాలదు, తమ పేపరు రాసుకునేటప్పుడు ఫలానా వాళ్లు ఈ సంగతి చెప్పారని మన పేరు ఉదహరించాలి. దాన్ని సైటేషన్ అంటారు. పరిశోధకుల విలువ కట్టేది వాటిని లెక్కపెట్టే. పేపరు ఎంత గొప్పదైనా, ఒక్కరూ ఉదహరించకపోతే ఇంట్లో అద్దం ముందు నిలబడి పాడుకున్నట్టే.

నాకు ఆ ఒక్క వాక్యం మీదే బతుకు ఆధారపడి ఉంది. హైదరాబాదులోని మా సంస్థ గద్వాలలో ఒక అద్దె ఇంట్లో చిన్న క్షేత్ర కేంద్రం నడిపేది. నేను అందులో ఏటికేడు కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. ఆ కేంద్రానికి పర్మనెంటు సైంటిస్టు పోస్టు ఒకటి వేస్తున్నారని మా పెద్దసారు, అంటే హైదరాబాదులో మా విభాగం అధిపతి, కబురు చేశాడు. గద్వాల అనగానే నగరంలో ఉన్నవాళ్లు మొహం తిప్పుకున్నారు కాబట్టి పోటీ తక్కువ. కానీ అర్హతల్లో ఒక షరతు ఉంది. బయటివాళ్లెవరో ఒకరైనా ఉదహరించిన పేపరు ఉండాలి. మనల్ని మనమే ఉదహరించుకుంటే చెల్లదు. అది లేకపోతే నేను దరఖాస్తు కూడా పెట్టుకోలేను, కాంట్రాక్టు ముగిసిన రోజున బిచాణా ఎత్తేయాలి. నా వయసులో మళ్లీ ఎవరో ఒకరి ల్యాబులో సీసాలు కడుక్కునే ఉద్యోగం వెతుక్కోవడం తప్ప దారి లేదు.

నేను పుట్టింది నాగర్‌కర్నూల్లో. శరీరధర్మశాస్త్రం చదివి డాక్టరేటు తెచ్చుకున్నాను. పేరు ముందు డాక్టరు ఉంది గానీ, గోళీలిచ్చే డాక్టరును కాను. ఇది మా పాలమూరు పల్లెల్లో వివరించడం చాలా కష్టం. సూది వేయనప్పుడు డాక్టరెట్లయితవని అడిగేవారు. హైదరాబాదు పోతే అక్కడి సైంటిస్టులు నన్ను పల్లెల్లో తిరిగే సర్వే మనిషిలా చూసేవారు. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉన్నదాన్ని నేనే.

నా పేపరు రాళ్ల పనికి వలస పోయేవాళ్ల ఊపిరి గురించి. మానవపాడు దాటి లోపలికి పోతే ఒక ఊరుంది. ఆ ఊరివాళ్లు ఎక్కడెక్కడి డ్యాములకో, కొండల్లో తొలిచే సొరంగాలకో పోయి రాళ్లు పగలగొట్టేవారు. రాతిపొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అది ఎంత తొందరగా జరుగుతుందో తెలియాలంటే, అదే మనుషుల ఊపిరిని ఏటా ఒకసారి, అయిదేళ్ల పాటు కొలవాలి. నా దగ్గర చిన్న మిషను ఉంది. అట్ట గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదాలి. మిషను ఒక గీత గీసి, బస్సు టికెట్టంత కాగితం బయటికి పంపుతుంది.

మొదటిసారి మిషను పట్టుకుని డిసెంబరులో పోయాను. ఆఫీసు ప్రణాళికలో అలాగే ఉంది. బస్సు దిగి ఊళ్లోకి నడిస్తే సగం ఇళ్లకు తాళాలు. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. ఎవరి కోసం వచ్చానో చెబితే చాట పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది.

"ఎవలున్నరు బిడ్డా ఊర్ల? నేనున్న, మా మ్యాక ఉన్నది. దాని ఊపిరి కొలుస్తవా?"

"ఎప్పుడొస్తరమ్మా అందరూ?"

"పీర్ల పండుగకొస్తరు. అప్పుడు రా."

ఆ ఊరి కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీని గద్వాలలో పట్టుకుని అడిగితే ఆయనా అదే చెప్పాడు. "ఉగాదికి గుత్తేదారు ఇడ్వడు మేడం. దసరాకు కొందరే వస్తరు. పీర్లకు మాత్రం ఎట్లన్న జేసి అందరొస్తరు. మొక్కులుంటయి, పీరును ఎత్తుకునేటోళ్లు ఎత్తుకోవాలె. మూడు నాలుగు దినాలు ఉంటరు, మల్ల పోతరు." మొహర్రమే అయినా, మొక్కులున్నవాళ్లలో ముక్కాలుమంది హిందువులే. మా వైపు దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు.

కాబట్టి ఏటా పీర్ల పండుగకు కొలుస్తామని పెద్దసారుకు రాశాను. ఆయన మెచ్చుకున్నాడు. ఏడాదికొక పండుగ, పండుగకొక కొలత, ఇంతకంటే సులువైన పద్ధతి లేదన్నాడు. ఆ మాట విని నేను వారం రోజులు గాలిలో తేలిపోయాను. మెప్పుకు మొహం వాచి ఉన్నాను మరి.

బడి వరండాలో ఒక బల్ల వేసి మిషను పెట్టుకునేదాన్ని. ఊదేవాడు సగంలో ఆపేయకుండా పక్కన నిలబడి అరుస్తూ ఉండాలి, అది మా పనిలో పద్ధతి. "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా" అని గొంతు చించుకునేదాన్ని. రెండో ఏటికల్లా ఆ ఊళ్లో నా పేరు ఊదుడు మేడం అయింది. పిల్లలు చేతులు నడుముకు పెట్టుకుని నన్ను అనుకరించేవారు. కొందరు రాత్రంతా పీర్ల ముందు నిప్పులు వేసే అలాయి గుండం చుట్టూ ఎగిరి వచ్చి ఊదేవారు, వాళ్లను ముందు నిద్రపొమ్మని వెనక్కి పంపేదాన్ని. నాకు కోపం ఎక్కువ. ఆ ఊరివాళ్లు మాత్రం నా కోపాన్ని పండుగలో భాగంగా చేసుకున్నారు.

వాళ్లలో ఒకాయన ఉండేవాడు. సన్నగా పొడుగ్గా, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. సొరంగాల్లో రాతికి రంధ్రాలు వేసే మర పట్టేవాడు. ప్రతి ఏడూ వరుసలో అందరికంటే ముందు ఆయనే. రెండో ఏడు గొట్టం చేతిలో పట్టుకుని బేరం పెట్టాడు.

"పోయినేటికంటే ఎక్కువ ఊదితే ఏమిస్తరు మేడం?"

"ఏమియ్యను."

"అయితే తక్కువనే ఊదుత."

అందరూ నవ్వారు. ఆయన భార్య కూడా వెనకాల నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు కోసం గద్వాలలో ఏడాదంతా ఎదురుచూస్తానని వాళ్లకు తెలియదు. ఆయన నిజంగానే తక్కువ ఊదాడు, కావాలని మాత్రం కాదు. మూడో ఏడు గొట్టం తీయగానే దగ్గు తెర వచ్చి వరండా స్తంభం పట్టుకున్నాడు. నాలుగో ఏడు కాగితం చూడగానే నా మొహంలో ఏదో కనబడి ఉండాలి.

"తగ్గిందా?" అన్నాడు.

"సర్కారు దవాఖానకు పో. ఛాతీ ఫొటో తీయించుకో. చిట్టీ రాసిస్త."

"దవాఖానంటే రెండు దినాలు పడ్తది. ఎల్లుండి పొద్దుగాలనే రైలుంది మేడం." చిట్టీ మాత్రం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

పండుగ అయిపోయిన మర్నాడు ఊరు ఖాళీ అయ్యేది. మూటలు, డబ్బాలు, చంకలో పిల్లలతో అందరూ స్టేషను బాట పట్టేవారు. నేను వాడిన అట్ట గొట్టాలు సంచిలో కుక్కుకుని గద్వాల బస్సెక్కేదాన్ని. గదికి వచ్చి తాళం తీస్తే లోపల నేను వదిలిపోయిన గ్లాసు వదిలిన చోటే ఉండేది. నాలుగు రోజులు అరిచి అరిచి గొంతు పోయి ఉండేది, దాన్ని వాడాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. ఒక్కదాని కోసం పప్పు నానబెట్టడం, ఒక్కదాని కోసం రెండు రొట్టెలు చేసుకోవడం. మొదట్లో ఇదే స్వేచ్ఛ అనుకున్నాను. తర్వాత తర్వాత, పక్క వాటాలో ఎవరైనా పోట్లాడుకుంటున్నా గోడకు దగ్గరగా జరిగి కూర్చునేదాన్ని. ఒంటరితనం నన్ను అంత చిల్లరగా చేసింది.

అయిదో ఏడు ఆయన రాలేదు. భార్య ఒక్కతే వచ్చింది. పని చోటే వర్షాకాలంలో పోయాడని, అక్కడే దహనం చేశారని మేస్త్రీ చెప్పాడు. ఆమె బడి వైపు రాలేదు. నేనూ ఆమె ఇంటికి పోలేదు, పోయి ఏం మాట్లాడాలో తెలియలేదు. వరుసలో ముందు ఎవరు నిలబడాలో తెలియక ఆ ఏడు అందరూ కాసేపు తటపటాయించారు.

తర్వాత పేపరు రాయడానికి కూర్చున్నాను. అయిదేళ్లూ అయిదుసార్లు ఊదినవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలని ప్రణాళికలో మొదటే రాసి ఉంది. ఇది మా శాస్త్రంలో చాలామంది పాటించే పద్ధతే. మధ్యలో మానేసినవాళ్లు, పని మారినవాళ్లు, రైలు దొరక్క పండుగకు రాలేనివాళ్లు, అందరినీ పక్కన పెట్టాను. చచ్చిపోయినవాళ్లు కూడా ఆ కుప్పలోనే పడతారు. మిగిలినవాళ్లను చుక్కలుగా మార్చి ఒక బొమ్మ గీశాను. ఏడాది తర్వాత ఏడాది చుక్కలు కిందికి దిగుతున్నాయి. పత్రిక వాళ్లు రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి అచ్చు వేశారు.

అచ్చయిన పేపరు కాపీలు తీయించుకుని పంచాను. వనపర్తి డిగ్రీ కాలేజీలో నా చిన్ననాటి స్నేహితురాలు లెక్చరర్. ఆమెకు ఒక కాపీ ఇవ్వడానికి సెలవు పెట్టుకుని పోయాను. ఆ రోజు పెబ్బేరు సంత అని మరిచిపోయాను. రోడ్డంతా ఎడ్లు, బస్సు కదలదు, చెమటలు కారుతుండగా పేపరు నలగకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్నేహితురాలు మొదటి పేజీలో నా పేరు చూసి, చాలా గొప్పగా ఉందని, టీ ఇచ్చి, దాన్ని టీవీ మీద పెట్టింది. రెండు నెలల తర్వాత పోతే టీవీ మీదే ఉంది, పైన కరెంటు బిల్లులు చేరాయి. నాగర్‌కర్నూల్లో అక్క అయితే ఇంకొంచెం గౌరవించి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. చదివావా అని అడిగితే, "నాకేం తెలుస్తదే గీ ఇంగ్లీషు? నీ పేరైతే మంచిగ పడ్డది" అంది. నాకు ఏడుపొచ్చింది, కోపంగా కనిపించాలని బస్సుకు టైమైందని లేచాను.

అందుకే ఆదివారాలు ఇంటర్నెట్ సెంటరులో. నన్ను చదవడానికి నా వాళ్లెవరూ లేకపోతే, ముక్కూ మొహం తెలియని వాళ్లయినా ఎక్కడో ఉండాలి కదా అని ఆశ. దరఖాస్తుల గడువు దగ్గర పడుతున్నకొద్దీ ఆదివారంతో పాటు బుధవారం కూడా పోవడం మొదలుపెట్టాను. సున్నా అని చూపించేది కంప్యూటరు. నేను దిగివచ్చి బస్టాండులో అరటిపండ్లు కొనుక్కుని గదికి పోయేదాన్ని.

ఒక బుధవారం సున్నా లేదు. ఒకటి ఉంది. నా కళ్లను నమ్మలేక పేజీని మళ్లీ తెరిచాను, మళ్లీ ఒకటే ఉంది. ఉత్తరాన ఎక్కడో చలిదేశంలో ఉండే ఒకాయన, పేరు పలకడానికి నాకు నోరు తిరగలేదు, ఊపిరి కొలతల మీద తాను రాసిన పేపరులో నన్ను ఉదహరించాడు. "వచ్చింది" అని సెంటరాయనతో చెప్పాను. "చెప్పలే నేను? అబ్బాయి ఏం జేస్తడు?" అన్నాడు ఆయన సంబరంగా. సైంటిస్టు అన్నాను. ఆ రోజు నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. కింద హోటల్లో మిర్చి బజ్జీలు తిని, ఎవరికైనా ఫోన్ చేయాలనుకుని, ఎవరికి చేస్తే అర్థమవుతుందో తెలియక మానేశాను.

ఆ పేపరు మొత్తం చదవాలంటే అది రాసినాయనకే ఈమెయిలు పెట్టి అడగాలి. మర్యాదగా అడిగాను, మర్యాదగానే పంపాడు. సెంటరులో ప్రింటు తీయించి, గదికి పోయేదాకా ఆగలేక మెట్ల మీదే నిలబడి చదివాను. నా పేరు చివరి పేజీకి ముందు పేజీలో ఉంది. ఏటా అదే కాలంలో కొలవకపోతే ఎలాంటి తప్పులు దొర్లుతాయో చెబుతూ, దానికి ఉదాహరణగా నన్ను చూపించాడు. భారతదేశంలో ఒక అధ్యయనంలో కొలతలన్నీ చాంద్రమానం ప్రకారం జరిగే ఒక పండుగకు తీసుకున్నారని, ఆ పండుగ ఏటా ముందుకు జరుగుతుంది కాబట్టి మొదటి కొలత ఎండలు ముదిరే వేళ, చివరి కొలత చలికాలంలో పడ్డాయని, చలిలో ఊపిరి ఎలాగూ కొంత తగ్గుతుంది కాబట్టి వాళ్లు చూపిన తగ్గుదలలో ఎంత రాతిపొడిదో, ఎంత చలిదో చెప్పలేమని రాశాడు. కోపం లేదు, వెక్కిరింత లేదు. తాపీగా, రెండే రెండు వాక్యాలు.

మెట్ల మీద కూర్చుని ఆ రెండు వాక్యాలు మళ్లీ చదివాను. నిజమే. మొదటి ఏడు వరండాలో నేను అట్టముక్కతో విసురుకుంటూ కొలిచాను. అయిదో ఏడు శాలువా కప్పుకుని కొలిచాను. పీర్ల పండుగ ఏటా పదకొండు రోజులో ఎన్నో ముందుకు జరుగుతుందని మా ఇంటి పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. నా శాలువా నాతోనే ఉంది. అయినా పండుగంటే నా బుర్రలో ఏడాదికొకసారి వచ్చేది, అంతే. పత్రిక తరఫున పరిశీలించినవాళ్లు దూరదేశాలవాళ్లు, పండుగ అన్న మాట చూసి ఏ డిసెంబరు పండుగలాగో తేదీ కదలదనుకుని ఉంటారు. కనిపెట్టింది ఆయనొక్కడే. ప్రపంచం మొత్తంలో నా పేపరును మొదటి అక్షరం నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివినవాడు కూడా ఆయనొక్కడే. ఆ సంగతి తట్టగానే మరీ దుఃఖమొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. నీకేం తెలుసయ్యా, ఇంకెప్పుడు దొరుకుతారు వాళ్లు, డిసెంబరులో పోతే మేక ఉంటుంది అని ఆయనకు పెద్ద ఈమెయిలు రాసుకుని, పంపకుండా చెరిపేశాను.

సిగ్గు విడిచి పెద్దసారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "ఉదహరించాడా లేదా?" అన్నాడు.

"ఉదహరించాడు సార్, కానీ తప్పని..."

"ఒకటి అని పడిందా లేదా?"

"పడింది."

"అంతే. కమిటీవాళ్లు అంకె చూస్తారమ్మా. ఆ ఒకటి పొగిడిందా తిట్టిందా అని ఎవరు తెరిచి చూస్తారు? వెంటనే దరఖాస్తు పెట్టు."

పెట్టాను. ఇంటర్వ్యూకు కొత్త కాటన్ చీర కట్టుకుని, రాత్రంతా జవాబులు తయారు చేసుకుని పోయాను. ఎవరైనా ఆ వాక్యం గురించి అడిగితే దాచకుండా చెబుదామని, చెప్పి ఎండాకాలంలో పని చోటికే పోయి కొలిచే పద్ధతి ఒకటి వివరిద్దామని బొమ్మలు కూడా గీసుకున్నాను. బల్ల అవతల కూర్చున్నవాళ్లు నా కాగితాలు తిరగేశారు. ఒకాయన సైటేషన్లు ఎన్ని అని అడిగాడు. ఒకటన్నాను. బయటివాళ్లదేనా అన్నాడు, అవునన్నాను. టిక్కు పెట్టుకున్నాడు. గద్వాలలో ఉండటానికి అభ్యంతరం లేదు కదా అని ఇంకొకాయన అడిగాడు. అభ్యంతరం లేదన్నాను. నా బొమ్మలు సంచిలోంచి బయటికి రానేలేదు.

మిగతా అభ్యర్థులకు ఆ ఒకటి కూడా లేదట. ఉద్యోగం నాకే వచ్చింది. అక్క నాగర్‌కర్నూల్లో పది ఇళ్లకు చెప్పుకుంది. నాకు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం, నెలాఖరుకు భయపడకుండా నిద్రపోవడం నాకు కొత్త. కానీ ఆర్డరు చేతికొచ్చిన రోజున కేంద్రంలో కూర్చుని చూస్తే, ఈ ఉద్యోగం నాకు ఇప్పించినవాడు ఆ చలిదేశపాయన అనీ, నేను తప్పు చేశానని రాసి ఇప్పించాడనీ తోచి, ఆ మాట పంచుకుని నవ్వడానికి కూడా పక్కన మనిషి లేకపోయింది.

ఆ ఏడు, రెండు వేల తొమ్మిదిలో, పీర్ల పండుగ రెండుసార్లు వచ్చింది, జనవరిలో ఒకటి, డిసెంబరు చివర ఒకటి. డిసెంబరు పండుగకు మిషను తీసుకుని ఆ ఊరికి పోయాను. ఈసారి ఎండాకాలంలో కూడా పని చోటికి వచ్చి కొలుస్తానని మేస్త్రీని ఒప్పించాను. అతను అప్పటికే ఊళ్లో చాటింపు వేసినంత పని చేశాడు, మన ఊరి సంగతి పుస్తకంల పడ్డదని. వరండాలో బల్ల వేయగానే అందరూ ఆ పుస్తకం చూపించమన్నారు. కాపీ ఒకటి తీసి, చుక్కల బొమ్మ ఉన్న పేజీ తెరిచాను. ఒక్కో ఏటికి ఒక్కో చుక్కల వరుస, వరుసలో ఒక్కో చుక్క ఒక్కో మనిషి అని చెప్పాను. నాదేది, నాదేది అని మీదపడ్డారు. నాకు వరుస గుర్తుంది కాబట్టి ఒక్కొక్కరికీ చూపించాను. వాళ్లు చుక్క మీద వేలు పెట్టి చూసుకున్నారు, ఒకరి చుక్క కంటే ఒకరిది పైన ఉందని ఆటపట్టించుకున్నారు. నా పేపరును అంత ఇష్టంగా ఎవరూ చూడలేదు.

గుంపు వెనక నుంచి, ఎప్పుడూ వరుసలో ముందుండే ఆయన భార్య వచ్చింది. మూడేళ్లలో బాగా చిక్కిపోయింది. మగవాళ్లు జరిగి దారిచ్చారు. ఆమె పేజీ వైపు వంగి చూసింది.

"మా ఆయన ఏడున్నడు మేడం ఇండ్ల?"

ఏదో ఒక చుక్క చూపిస్తే నమ్మేది. వేలు ముందుకు పోయింది గానీ దేని మీదా ఆనలేదు. ఆయన నాలుగు కొలతలూ నాకు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. అందరికంటే నిటారుగా దిగినవి అవే. వాటిని పెట్టి ఉంటే, తగ్గుదల చలిదేమోనని ఏ దేశంలో ఎవరూ అనలేకపోయేవారు.

"ఇందులో లేడమ్మా," అన్నాను. "అయిదేండ్లు ఊదినోళ్లనే పెట్టినం."

"నాలుగేండ్లు ఊదిండు గదా."

"ఊదిండు."

"గట్లనా," అంది. కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకుంటానని పొద్దున మేస్త్రీతో అడిగించింది ఆమే. ఇప్పుడు పేజీ మూసి, దాన్ని బల్ల మీద నా వైపుకు జరిపింది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లకుండా ఊదేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"నాది కొలువుండ్రి. ఆయన రాయి కొడ్తుంటే పొడి ఎత్తిపోసింది నేనే. ఎన్నేండ్ల సంది ఎంబడే ఉన్న."

మా ప్రణాళికలో ఆడవాళ్లు లేరు. మర పట్టేది మగవాళ్లు కాబట్టి మగవాళ్లు చాలనుకున్నాం. ప్రతి పండుగకూ వెనక నిలబడి నవ్వుతూ చూసిన ఈ ఆడవాళ్లంతా ఏడాదంతా ఏం పీల్చి వచ్చారో నేను ఒక్కసారీ అడగలేదు. కొత్త గొట్టం తీసి మిషనుకు తొడిగాను. ఎలా ఊదాలో ఆమెకు చెప్పక్కర్లేకపోయింది. నేను ఊదు, ఊదు, ఊదు అని అరిచాను. అరుపు సగంలోనే ఆపేశాను, ఆమె దగ్గర ఊదడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"నేనన్న పడ్తనా మేడం, ఇండ్ల?"

"అయిదేండ్లు రావాలె," అన్నాను.

"వస్త," అంది.

కాగితం అప్పటికే నా చేతిలో ఉంది. ఆమె ఎత్తుకు, వయసుకు ఉండాల్సిన ఊపిరిలో సగం కూడా లేదు.